హిందీ నేర్పిన నోటితోనే ఉత్తరాదిని నిలదీసిన దుర్గాబాయి

ఉత్తరాదివారి దృష్టిలో దక్షిణాదివారంతా మద్రాసీలు. దక్షిణాదివారి దృష్టిలో ఉత్తరాదివారంతా పెత్తందార్లు. ఈ తగవు దేశానికి కొత్తది కాదు. రాజ్యాంగ నిర్మాణ సభలోనే భాష పేరిట ఇది భగ్గుమన్నది. ఆనాడు ఉత్తరాది సభ్యులకు మొహమాటం లేకుండా సమాధానం చెప్పినవారిలో గోదావరి తీరపు ఆడపడుచు దుర్గాబాయి ఒకరు. ఆమె హిందీ అంటే గిట్టని మనిషి కాదు. చిన్ననాటి నుంచీ హిందీ నేర్పిన మనిషి. అందువల్లనే ఆమె మాటకు అంత బరువు వచ్చింది.

1909 జూలై 15న రాజమండ్రిలో ఆమె జన్మించారు. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. బడిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని బలవంతంగా రుద్దుతున్నారని పన్నెండేళ్ల ప్రాయంలో చదువు మానివేశారు. తాను ఇష్టపడి నేర్చుకున్న హిందీని ఇతరులకు నేర్పేందుకు బాలికల పాఠశాల తెరిచారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో వినిపించినది ఈ బాలికే. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనివ్వలేదు. టిక్కెట్టు కొన్న తర్వాతనే ఆయన లోనికి వెళ్లారు.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. విడుదలైన తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుంచి మెట్రిక్, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి బి.ఎ. పూర్తిచేసి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, చదువు ఆగిపోయిన తెలుగు స్త్రీలను కాశీ మెట్రిక్ పరీక్షకు తయారు చేయించారు.

ఆ కాలంలోనే, 1938లో, మద్రాసు ప్రభుత్వం ఉన్నత పాఠశాలల్లో హిందీని నిర్బంధం చేసింది. తమిళ ప్రాంతంలో పెద్దయెత్తున ఆందోళన రేగింది. 1940లో ఆ నిర్బంధాన్ని ఎత్తివేయవలసి వచ్చింది. ఇష్టంగా నేర్చుకుంటున్న భాష ఉత్తర్వుగా మారితే ఏమవుతుందో దక్షిణాది అప్పుడే చూసింది.

1949 సెప్టెంబరులో భాషా సమస్య రాజ్యాంగ సభ ముందుకు వచ్చింది. హిందీతో పాటు అంకెలు కూడా నాగరివే ఉండాలని ఉత్తరాది సభ్యులు కొందరు పట్టుబట్టారు. దుర్గాబాయి హిందుస్థానీ పక్షాన నిలిచారు. దక్షిణాదిలో ఒకప్పుడు ఎంతో ఉత్సాహంతో హిందీని ప్రచారం చేసినవారు ఈ దూకుడు చూసి దిగ్భ్రాంతి చెందారని ఆమె సభకు తెలియజేశారు. ఇతర భాషల ప్రభావం దేశ సంస్కృతిపై పడకుండా అడ్డుకునేందుకే ఈ పట్టుదల అన్న భావన హిందీయేతర ప్రాంతాల్లో కలిగిందని హెచ్చరించారు. చివరకు దేవనాగరి లిపిలో హిందీని, అంతర్జాతీయ రూపంలో అంకెలను, పదిహేనేళ్లపాటు ఇంగ్లీషును సభ ఆమోదించింది.

ఆమె హెచ్చరిక వట్టిమాట కాలేదు. ఆ గడువు ముగిసిన 1965 జనవరిలో మద్రాసు రాష్ట్రం అట్టుడికి, ప్రాణాలు పోయాయి. 1967లో చట్టాన్ని సవరించి ఇంగ్లీషు కొనసాగింపునకు హామీ ఇవ్వవలసి వచ్చింది.

అయితే ఆమె ఉత్తరాదికి దూరం కాలేదు. 1953లో మహారాష్ట్రకు చెందిన కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. ఒకనాడు కాకినాడలో ఆమె ఆపిన నెహ్రూయే ఆ పెళ్లికి సాక్షి కావడం విశేషం. అదే సంవత్సరం కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై, ఉత్తరం, దక్షిణం అన్న భేదం లేకుండా దేశమంతటా స్త్రీ శిశు సంక్షేమానికి పాటుపడ్డారు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు.

2018లో ఢిల్లీ మెట్రోలో సౌత్ క్యాంపస్ స్టేషన్ ఆమె పేరున ప్రారంభమైంది. హిందీని ప్రేమించి, హిందీ దూకుడును ఎదిరించిన తెలుగు మహిళ పేరు ఆ స్టేషన్‌లో హిందీలోనూ రాసి ఉంది.