కొండనెక్కిన పొగబండి: రిగ్గెన్‌బాక్ జీవితము

మేట్టుపాళెయమునుండి కూనూరునకు పొగబండిలో పోవువారు, పట్టాల నడుమనున్న పండ్ల కమ్మీలను చూచి విస్మయమొందుదురు. కొండరైలునకు ఐరోపాలో మొదట దారిచూపిన నిక్లాస్ రిగ్గెన్‌బాక్ చరిత్రమును మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

ఈయన 1817 మే 21న ఆల్సేసు దేశమందు జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా, తల్లి బిడ్డలతో స్విట్జర్లాండునందలి బాసెల్ పట్టణము చేరెను. ఈయన యంత్రపు పని నేర్చి, పారిసులో పగలెల్ల పనిచేసి, రాత్రులందు గణితమును, చిత్రలేఖనమును అభ్యసించెను. పిదప కార్ల్స్‌రూ పట్టణమున ఇంజనులు కట్టు కర్మాగారమున పేరుగాంచి, ఓల్టెనులోని రైలు కర్మశాల కధిపతి యయ్యెను.

అచ్చటి ఏటవాలు మార్గమున ఇంజను చక్రములు పట్టాలపై జారుచుండుట చూచి ఈయన యోచనలో పడెను. పట్టాల నడుమ నిచ్చెనవంటి కమ్మీని పరచి, దాని మెట్లను పట్టుకొను పండ్లచక్రమును ఇంజనున కమర్చినచో జారదని తలచి, 1863లో ఫ్రాన్సునందు పేటెంటు పొందెను. పలువురు పరిహసించిరి; సంవత్సరములు గడచినను పని కుదరలేదు. ఇంతలో 1869లో అమెరికాలో మార్షు అను నతడు వాషింగ్టన్ పర్వతముపైకి అట్టి రైలునే నడపెను. రిగ్గెన్‌బాక్ నిరాశచెందక, ఇద్దరు సహచరులతో గూడి, రిగీ పర్వతముపైకి మార్గము నిర్మించెను. నాలుగడుగులకొక అడుగు చొప్పున ఎక్కు ఆ మార్గము 1871లో ఈయన జన్మదినముననే తెరవబడెను. దిగునపుడు సిలిండర్లలో గాలిని అణచి వేగమును తగ్గించు బ్రేకును గూడ ఈయనయే కల్పించెను.

నీలగిరి రైలునకై ఈయన సలహాను కోరిరి. ధనలోపముచే ఆ పని చాల యేండ్లు సాగలేదు. తుదకచ్చట అమర్చినది ఈయన పద్ధతి కాదు. ఓల్టెనులో ఈయన క్రింద పనిచేసిన రోమన్ ఆప్టు కల్పించిన జంట పండ్ల కమ్మీలే. 1899 జూన్ మాసమున బండి కూనూరు చేరెను. జూలై 25న రిగ్గెన్‌బాక్ ఓల్టెనులో కన్నుమూసెను. ఉదకమండలమునకు మార్గము 1908లో పూర్తియయ్యెను. 2005లో ఆ రైలు ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చబడెను.

శిష్యుడు గురువును మించినచో గురువునకు కొరత కలుగదు. పరిహాసమునకు వెరవక తొలిమెట్టు వేసిన వానివలననే తరువాతివారు పైకెక్కుదురు. విద్యార్థులారా, ఈ సంగతిని మరువకుడని కోరుచున్నాము.