జాక్ ప్లాంట్

జాక్ ప్లాంట్ (జనవరి 17, 1929 - ఫిబ్రవరి 1986) కెనడా దేశానికి చెందిన సుప్రసిద్ధ ఐస్ హాకీ క్రీడాకారుడు. మాంట్రియల్ కెనడియన్స్ జట్టుకు గోల్ కీపరుగా ఆడి ఆరుసార్లు స్టాన్లీ కప్ విజయంలో పాలుపంచుకున్నాడు. నేషనల్ హాకీ లీగ్ ఆటలలో ముఖ కవచాన్ని (మాస్కును) నిత్యం ధరించిన మొదటి గోల్ కీపరుగా ఈయన పేరు చిరస్థాయిగా నిలిచింది. ముఖాన్ని కాపాడుకోవడం పిరికితనం కాదనీ, సరిగా అమరిన రక్షణ సామగ్రి ఆటను మెరుగుపరుస్తుందనీ ఆచరణలో నిరూపించిన వ్యక్తి ఈయన.

బాల్యం

ప్లాంట్ కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో, మాంట్ కార్మెల్ గ్రామ సమీపాన ఒక వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. పదకొండు మంది సంతానంలో ఈయనే పెద్దవాడు. తండ్రి కర్మాగారంలో పనికి కుదరడంతో కుటుంబం షావినిగన్ ఫాల్స్ పట్టణానికి తరలి వెళ్ళింది. పెద్ద కొడుకు కావడం వలన ఇంటి పనులలోను, తమ్ముళ్ళ, చెల్లెళ్ళ పెంపకంలోను తల్లికి సాయపడేవాడు. వంట, కుట్టుపని, ఊలు అల్లిక అప్పుడే నేర్చుకున్నాడు. తరువాతి కాలంలో స్వయంగా అల్లుకున్న ఊలు టోపీలు ధరించి ఆడటం ఈయన ప్రత్యేకత అయింది.

చిన్ననాటి నుండి ఉబ్బసం వ్యాధి ఉండటం వలన మంచుపై ఎక్కువసేపు స్కేటింగ్ చేయలేకపోయేవాడు. గోల్ ముందు ఒకేచోట నిలబడే గోల్ కీపరు స్థానాన్ని ఎంచుకోవడానికి ఇదే కారణం. క్రీడా సామగ్రి కొనుక్కునే స్తోమత కుటుంబానికి లేదు. అందుచేత బంగాళాదుంపల గోనె సంచులను కుక్కి, చెక్క పలకలతో గట్టిపరచి కాళ్ళకు ప్యాడ్లుగా కట్టుకునేవాడు. తొలి హాకీ కర్రను తండ్రి చెక్కి ఇచ్చాడు.

క్రీడా జీవితం

1947లో క్యుబెక్ సిటడెల్స్ జట్టులోను, 1949లో మాంట్రియల్ రాయల్స్ జట్టులోను చేరాడు. 1952 నవంబరులో మాంట్రియల్ కెనడియన్స్ తరఫున మొదటిసారి బరిలోకి దిగాడు. 1953లో ఆ జట్టు స్టాన్లీ కప్ గెలిచింది. 1956 నుండి 1960 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు అదే కప్ గెలిచిన జట్టుకు ప్రధాన గోల్ కీపరు ఈయనే.

గోల్ కీపరు తన స్థానం విడిచి కదలకూడదని భావించే రోజులలో ప్లాంట్ గోల్ వెనుకకు వెళ్ళి పుక్‌ను ఆపి సహచరులకు అందించేవాడు. మొదట్లో విమర్శలు ఎదుర్కొన్న ఈ పద్ధతిని తరువాత తరాల గోల్ కీపర్లందరూ అనుసరించారు.

ముఖ కవచం - పూర్వరంగం

ఐస్ హాకీలో బంతికి బదులు వాడే పుక్ గట్టి రబ్బరు బిళ్ళ. దాని వ్యాసం సుమారు 7.6 సెంటీమీటర్లు, మందం 2.5 సెంటీమీటర్లు, బరువు 156 నుండి 170 గ్రాములు. ఎక్కువగా ఎగిరిపడకుండా ఆటకు ముందు దానిని గడ్డకట్టిస్తారు. 1950ల వరకు గోల్ కీపర్లు దీనిని ముఖానికి ఏ అడ్డూ లేకుండా ఎదుర్కొనేవారు. ముఖంపై కుట్లు వారికి సర్వసాధారణం.

కవచం ఆలోచన ప్లాంట్‌తో మొదలైనది కాదు. 1930లో మాంట్రియల్ మరూన్స్ గోల్ కీపరు క్లింట్ బెనెడిక్ట్ ముక్కుకు దెబ్బ తగిలిన తరువాత తోలు మాస్కు ధరించి కొద్ది ఆటలు ఆడాడు. చూపుకు అడ్డు వస్తున్నదని దానిని విడిచిపెట్టాడు. 1936 శీతాకాల ఒలింపిక్స్‌లో జపాన్ గోల్ కీపరు తెయిజి హోన్మా లోహపు జాలీ గల మాస్కుతో ఆడాడు. అయినా ఈ అలవాటు వ్యాపించలేదు. కవచం పెట్టుకున్నవాడు ధైర్యహీనుడనీ, దాని వలన చూపు తగ్గుతుందనీ ఎందరో శిక్షకులు నమ్మేవారు.

1950ల మధ్యలో అభ్యాస సమయంలోనే రెండుసార్లు దెబ్బలు తగిలి ప్లాంట్ చెంప ఎముకలు విరిగాయి. ఆ తరువాత సైనస్ శస్త్రచికిత్స జరిగింది. అప్పటినుండి అభ్యాసంలో మాస్కు ధరించసాగాడు. శిక్షకుడు టో బ్లేక్ దీనికి అంగీకరించాడు గాని అసలు ఆటలో మాత్రం అనుమతించలేదు.

ఫైబర్‌గ్లాస్ కంపెనీ ఉద్యోగి అయిన బిల్ బర్చ్‌మోర్ 1958లో ఒక ఆటలో ప్లాంట్ నుదుటికి దెబ్బ తగలడం చూశాడు. ముఖానికి అతుక్కున్నట్లు అమరే పలుచని ఫైబర్‌గ్లాస్ కవచం తయారు చేయవచ్చని ఈయనకు సూచించాడు. ప్లాంట్ ముఖంపై ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, ఆ అచ్చుపై కవచాన్ని రూపొందించారు. అంతకు ముందరి మాస్కులకు, దీనికి గల ముఖ్యమైన తేడా ఇదే: ఇది ఒక వ్యక్తి ముఖపు కొలతకు తయారైనది. ముఖానికి దగ్గరగా ఉండటం వలన కంటి రంధ్రాల నుండి చూపు విశాలంగా ఉండేది.

1959 నవంబరు 1

ఆ రోజు న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో న్యూయార్క్ రేంజర్స్‌తో ఆట జరుగుతున్నది. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే ఆండీ బాత్‌గేట్ కొట్టిన పుక్ ప్లాంట్ ముఖానికి తగిలి ముక్కు చీలింది. వైద్యుడు ఏడు కుట్లు వేశాడు. ఆ కాలంలో జట్లు రెండవ గోల్ కీపరును సిద్ధంగా ఉంచుకునేవి కావు. మాస్కు లేకుండా తిరిగి ఆడనని ప్లాంట్ స్పష్టం చేశాడు. వేరే దారి లేక బ్లేక్ ఒప్పుకున్నాడు. ఆ ఆటలో మాంట్రియల్ 3-1తో గెలిచింది.

గాయం మానిన తరువాత మాస్కు తీసివేయాలని శిక్షకుడు కోరినా ప్లాంట్ పట్టు విడువలేదు. ఆ రోజులలో సాగిన జట్టు జైత్రయాత్ర 18 ఆటల వరకు ఓటమి లేకుండా నిలిచింది. 1960 మార్చి 8న బ్లేక్ కోరికపై మాస్కు లేకుండా ఆడినప్పుడు డెట్రాయిట్ చేతిలో జట్టు 3-0తో ఓడింది. తరువాతి ఆట నుండి మాస్కు శాశ్వతంగా తిరిగి వచ్చింది. ఆ సంవత్సరం ఫైనల్ దశలో ఆడిన ఎనిమిది ఆటలనూ మాంట్రియల్ గెలిచి స్టాన్లీ కప్ అందుకున్నది. మాస్కు వలన ఆట దెబ్బతింటుందనే వాదన దీనితో వీగిపోయింది.

తరువాతి జీవితం

1962లో లీగ్ ఉత్తమ క్రీడాకారునికిచ్చే హార్ట్ ట్రోఫీ ప్లాంట్‌కు లభించింది. 1963లో న్యూయార్క్ రేంజర్స్‌కు మారి, 1965లో విరమించాడు. 1968లో సెయింట్ లూయిస్ బ్లూస్ తరఫున మళ్ళీ బరిలోకి దిగాడు. 1970 మే నెలలో బోస్టన్‌తో ఆడుతుండగా పుక్ నుదుటికి తగిలి మాస్కు పగిలింది. ప్లాంట్ స్పృహ కోల్పోయాడు. మాస్కు లేకుంటే తన ప్రాణం దక్కేది కాదని తరువాత ఈయన చెప్పాడు.

1970లో టొరాంటో మేపుల్ లీఫ్స్‌లో చేరి, నలభై రెండేళ్ళు నిండిన 1970-71 సీజన్‌లో ఆటకు సగటున 1.88 గోల్స్ మాత్రమే ఇచ్చాడు. 1973లో కొంతకాలం బోస్టన్ బ్రూయిన్స్‌కు, 1974-75లో ఎడ్మంటన్ ఆయిలర్స్‌కు ఆడి 1975లో ఆట నుండి శాశ్వతంగా తప్పుకున్నాడు.

సామగ్రి ఎంపికపై కృషి

1970లో క్యుబెక్‌లోని మాగోగ్ పట్టణంలో మాస్కులు తయారు చేసే ఫైబ్రోస్పోర్ట్ అనే సంస్థను ప్లాంట్ ప్రారంభించాడు. 1972లో గోల్ కీపింగ్‌పై ఒక పుస్తకం రచించాడు. వ్యాయామం, ఆట పద్ధతులతో పాటు సామగ్రి ఎంపికను కూడా అందులో వివరించాడు. ఈ పుస్తకం శిక్షకుల ఆదరణ పొందింది.

టొరాంటోలో ఈయన వద్ద మెళకువలు నేర్చుకున్న బెర్నీ పేరెంట్ తరువాత గొప్ప గోల్ కీపరు అయ్యాడు. కాని 1979లో ఒక హాకీ కర్ర కొన మాస్కు కంటి రంధ్రం గుండా దూరి అతని కుడి కంటికి గాయమైంది. దానితో అతని క్రీడా జీవితం ముగిసింది. ముఖానికి అతుక్కునే మాస్కులోని లోపం దీనివలన బయటపడింది. గట్టి దెబ్బ తగిలినప్పుడు దాని వేగం నేరుగా ముఖానికి చేరడం మరొక లోపం. క్రమంగా తల చుట్టూ గట్టి పెంకు, ముఖం ముందు లోహపు జాలీ గల కవచాలు వీటి స్థానాన్ని ఆక్రమించాయి.

వినోదం కోసం ఐస్ హాకీ నేర్చుకునే వయోజనులు కవచం ఎంచుకునేటప్పుడు నేడు పాటించే నియమాలలో ఈ అనుభవాల సారం కనిపిస్తుంది:

* కనుబొమల పైభాగంలో తల చుట్టుకొలతను టేపుతో కొలిచి, తయారీదారు పట్టిక ప్రకారం సైజు ఎంచుకోవాలి. రంగు, బొమ్మల అందం తరువాతి విషయం.
* గడ్డం దాని కోసం అమర్చిన గిన్నెలో సరిగా కూర్చోవాలి. తల అటూ ఇటూ ఊపినప్పుడు కవచం జారకూడదు, నొప్పి కలిగేంత బిగుతుగానూ ఉండకూడదు.
* జాలీకి, ముఖానికి మధ్య ఖాళీ ఉండాలి. ముక్కు గాని గడ్డం గాని జాలీకి తగలకూడదు.
* ప్రమాణాల సంస్థ ధ్రువీకరణ ముద్ర ఉన్నదీ లేనిదీ చూడాలి. పెంకు పగుళ్ళు బారినా, జాలీ వంగినా దానిని వాడరాదు. పాత సామగ్రి కొనేవారు దీనిని మరింత జాగ్రత్తగా గమనించాలి.
* కాళ్ళ ప్యాడ్లను స్కేట్స్ ధరించి కొలుచుకోవాలి. మోకాలు ప్యాడ్‌లో దానికై ఉన్న మెత్తని భాగం మధ్యకు రావాలి.

ఎంత మంచి కవచమైనా తల అదురు వలన కలిగే హానిని పూర్తిగా నివారించలేదు. దెబ్బ తగిలి తల తిరిగినా, చూపు మసకబారినా వెంటనే ఆట ఆపి వైద్యుని సంప్రదించాలి.

మరణం

ప్లాంట్ చివరి సంవత్సరాలు స్విట్జర్లాండ్‌లో గడిపాడు. ఉదర క్యాన్సర్‌తో 1986 ఫిబ్రవరిలో జెనీవాలో మరణించాడు. స్విట్జర్లాండ్‌లోని సియేర్ పట్టణంలో అంత్యక్రియలు జరిగాయి.

పురస్కారాలు, గుర్తింపు

* స్టాన్లీ కప్ - 6 సార్లు (1953, 1956 నుండి 1960 వరకు)
* వెజినా ట్రోఫీ - 7 సార్లు (1956 నుండి 1960 వరకు, 1962, 1969లో గ్లెన్ హాల్‌తో కలిసి)
* హార్ట్ ట్రోఫీ - 1962
* హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ సభ్యత్వం - 1978
* ఈయన ధరించిన 1వ నంబరును మాంట్రియల్ కెనడియన్స్ 1995లో ఇతరులకు కేటాయించకుండా విరమింపజేసింది.

నేషనల్ హాకీ లీగ్‌లో మాస్కు లేకుండా ఆడిన చివరి గోల్ కీపరు పిట్స్‌బర్గ్ జట్టుకు చెందిన ఆండీ బ్రౌన్. 1974లో అతని చివరి లీగ్ ఆటతో ఆ పాత అలవాటు అంతరించింది. ఒకప్పుడు ప్లాంట్ ఒక్కడే పట్టుబట్టి ధరించిన కవచం, పదిహేనేళ్ళు తిరగకముందే గోల్ కీపర్లందరికీ అత్యవసర సామగ్రి అయింది.