భారమెరిగిన ఇంజనీరు: డాక్టర్ కానూరి లక్ష్మణరావు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని అతలాకుతలం చేసిన సంగతి మన భావనపాడు తీరం మరువలేదు. నాడు గాలికి వంగిన కొబ్బరిమానును విద్యార్థులు ఒక్కసారి తలచుకోవాలని మా మనవి. గాలి తాకిన వైపు మాను సాగుతుంది. ఆవలి వైపు నొక్కుకుపోతుంది. మొదటిది తన్యత, రెండవది సంపీడనం. భారం మోసే వస్తువులో ఇవి ఎక్కడ, ఎంతెంత పుడతాయో లెక్కకట్టడమే పదార్థ బలశాస్త్రం. ఆ శాస్త్రంలో ఆరితేరిన తెలుగువారిలో అగ్రగణ్యులు డాక్టర్ కె.ఎల్. రావు గారు.

వారు 1902 జూలై 15న కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి గతించారు. బడిలో ఆటలాడుతూ ఒక కంటిచూపు పోగొట్టుకున్నారు. గీతలతో, కొలతలతో నిత్యం పనిపడే విద్యను ఆ బాలుడు మిగిలిన ఒక్క కంటితోనే సాధించాడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో మాస్టర్ పట్టా పొందిన తొలి విద్యార్థి వారే. రంగూనులో ఆచార్య పదవి నిర్వహించారు. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు గ్రహించారు. ఇనుప కడ్డీల కాంక్రీటుపై గ్రంథం రచించారు.

కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, సాగుడును సహించలేదు. అందుచేత సాగేచోట ఇనుము ఉండాలి. రెండు గోడలపై నిలిచిన దూలం భారానికి అడుగున సాగుతుంది గనుక కడ్డీలు అడుగున వేస్తారు. గోడ నుండి ముందుకు చొచ్చిన సన్‌షేడ్ పైభాగాన సాగుతుంది. అక్కడ కడ్డీలు పైన ఉండాలి. ఈ భేదమెరుగక కడ్డీలను కిందికి తొక్కివేస్తే, సన్‌షేడ్ విరిగి కింద నిలుచున్నవారి నెత్తిన పడుతుంది.

వారి ప్రతిభకు గొప్ప నిదర్శనం నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడుదలైన ఆ ఆనకట్ట సుమారు 124 మీటర్ల ఎత్తైన రాతికట్టడం. నూరు మీటర్ల లోతున నీరు ప్రతి చదరపు మీటరుపై నూరు టన్నుల బలంతో నెడుతుంది. ఎత్తు రెట్టింపైతే మొత్తం తోపుడు నాలుగింతలవుతుంది. దానిని ఎదిరించేది కట్ట బరువే. నీటి తోపుడు, కట్ట బరువు కలిసిన ఫలితబలం పునాది వెడల్పులో నడిమి మూడవవంతు దాటరాదు. దాటితే నీటివైపు పునాదిలో సాగుడు పుడుతుంది. రాతికట్టుబడి దానికి తాళలేదు. యంత్రాలకన్న మనుషుల చేతులపై ఎక్కువగా ఆధారపడిన ఆ నిర్మాణం వేలాది కూలీలకు జీవనాధారమైంది.

1963లో పద్మభూషణ్ బిరుదు, కేంద్రమంత్రి పదవి వారిని వరించాయి. గంగా కావేరీ నదుల అనుసంధానాన్ని ప్రతిపాదించినవారూ వారే. 1986 మే 18న పరమపదించారు. కృష్ణపై పులిచింతల జలాశయం నేడు వారి పేరు ధరించింది.

భావనపాడు చేరువలోని మూలపేటలో 2023లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అటువంటి తీరాన అలల తాకిడిని లెక్కించేవారిలో మన విద్యార్థులూ ఉండాలని మా ఆకాంక్ష. సూత్రం వల్లించి అంకెలు వేయడానికి ముందు, భారం ఏ దారిన నేలకు చేరుతున్నదో గీసి చూడండి. మనం లెక్కించక వదలిన భారాన్ని చివరకు మోసేది మనుషులే.