జాన్ బాయ్డ్ డన్లప్

నూతన వస్తువులు గొప్ప ప్రయోగశాలలయందే పుట్టునని పలువురు తలతురు. కాని ఒక యింటి పెరటిలో, కొడుకు కష్టము తీర్చగోరిన తండ్రి చేతిలో, కొయ్యపలక, గుడ్డపీలిక, రబ్బరు ముక్క అను మూడింటి కలయికవలన రూపొందిన వస్తువొకటి లోకమందలి ప్రయాణముల రీతినే మార్చినది. ఆ తండ్రి జాన్ బాయ్డ్ డన్లప్.

డన్లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండునందలి డ్రెగ్‌హార్న్ అను గ్రామమున, ఒక రైతు కుటుంబమున జన్మించెను. ఎడింబరో నగరమున పశువైద్యశాస్త్రము నభ్యసించి, పిన్నవయసుననే వైద్యుడయ్యెను. 1867లో సముద్రము దాటి ఐర్లండు చేరి, కొంతకాలమునకు బెల్‌ఫాస్ట్ నగరమున స్థిరపడెను. బండ్లన్నింటిని గుఱ్ఱములే లాగుచుండిన ఆ దినములలో పశువైద్యునకు పని కొఱత లేదు. అతని వైద్యాలయము మిక్కిలి వృద్ధిలోనికి వచ్చెను. నలుబదియేడేండ్ల ప్రాయము వఱకును అతడు చక్రముల నిర్మాతగా గాని, వర్తకుడుగా గాని యెవరికిని తెలియడు.

డన్లప్‌నకు జానీ యను కుమారుడుండెను. 1887లో ఆ బాలునకు తొమ్మిది పదేండ్ల వయసు. వానికొక మూడు చక్రముల సైకిలుండెను. ఆ కాలపు సైకిలు చక్రముల యంచునకు గట్టి రబ్బరు పట్టెడను మాత్రమే తొడిగెడివారు. బెల్‌ఫాస్ట్ వీథులలో రాళ్లు పఱచియుండెను. చక్రము రాతినుండి రాతికి ఎగిరిపడుచుండగా, ఆ కుదుపంతయు బాలుని యొడలికి తగులుచుండెను. ఎంత త్రొక్కినను బండి వడిగా సాగెడిది కాదు. కుమారుని శ్రమను గాంచి తండ్రి యాలోచింపసాగెను.

గట్టి చక్రము రాతిని తాకినపుడు బండియు, బండిమీది మనుష్యుడును కొంత పైకి లేవవలసియుండును. త్రొక్కిన బలములో కొంత ముందునకు సాగుటకుగాక, ఇట్లు లేచుటకే వ్యర్థమగును. చక్రపుటంచు మెత్తనిదైనచో రాయి దానిలో నణగును. బండి కదలక నిలుకడగా పోవును. కాని ఒకసారి యణగి అట్లే యుండిపోవు వస్తువు పనికిరాదు. అణగిన వెంటనే తన రూపమును తిరిగి పొందునది కావలెను. గొట్టములో బంధింపబడిన గాలికి ఆ గుణము కలదని డన్లప్ గ్రహించెను.

1887 అక్టోబరు మాసమున అతడు పరీక్షకు పూనుకొనెను. సుమారు 96 సెంటీమీటర్ల అడ్డుకొలత గల కొయ్యచక్రము నొకదానిని సిద్ధపఱచెను. పలుచని రబ్బరు రేకును చుట్టి, అంటించి, గొట్టముగా చేసెను. బెల్‌ఫాస్ట్ నారబట్టల నేతకు పేరుగాంచిన నగరము. అట్టి బట్ట పీలికను గొట్టముపై కప్పి, దానిని చక్రపుటంచునకు బిగించెను. పిమ్మట కాలిబంతికి గాలికొట్టు పంపుతో దానిలో గాలి నింపెను. కుమారుని బండి చక్రము నొకదానిని ఊడదీసి, రెండింటిని పెరటిలో దొర్లించి చూచెను. బండిచక్రము కొంతదూరము పోయి పడిపోయెను. గాలిచక్రము పెరటి చివరివఱకు సాగి, అచటి ద్వారస్తంభమునకు కొట్టుకొని వెనుకకు మరలెను.

ఆ ఫలితమునకు సంతోషించి డన్లప్ కుమారుని బండి వెనుక చక్రములు రెండింటికిని గాలిటైర్లు తొడిగెను. 1888వ సంవత్సరారంభమున ఒకనాటి రాత్రి జానీ ఆ బండి నెక్కి వీథులలో తిరిగి వచ్చెను. మఱునాడు పరికింపగా రబ్బరుమీద గీతయైనను కానరాలేదు. ఆ యేడాది డిసెంబరు 7వ తేదీన ప్రభుత్వము డన్లప్‌నకు పేటెంటు హక్కు నొసగెను.

లావుపాటి ఆ టైర్లను చూచి జనులు మొదట నవ్విరి. 1889 మే 18వ తేదీన బెల్‌ఫాస్ట్ నందలి క్వీన్స్ కళాశాల క్రీడలలో విల్లీ హ్యూమ్ అను యువకుడు గాలిటైర్ల సైకిలు నెక్కి నాలుగు పందెములలోను గెలుపొందెను. నవ్వులు చల్లారెను. హ్యూమ్ చేతిలో తన కుమారు లోడిపోవుట చూచిన హార్వే డుక్రాస్ అను వర్తకుడు డన్లప్‌తో కలిసి డబ్లిన్‌లో వ్యాపారసంఘము నేర్పఱచెను.

ఇంతలో ఒక విఘ్నము కలిగెను. పేటెంటు చెల్లదని 1890లో డన్లప్‌నకు తెలియవచ్చెను. రాబర్ట్ విలియం థామ్సన్ అను మఱియొక స్కాట్లండు దేశీయుడు ఇరువదిమూడేండ్ల ప్రాయముననే, 1845లో, గాలిచక్రమునకు హక్కు పొందియుండెను. లోపల రబ్బరు గొట్టము, పైన తోలుకప్పు గల చక్రములను అతడు గుఱ్ఱపుబండ్లకు తొడిగి పరీక్షించి చూపెను. కాని ఆ నాటికి సైకిళ్లు వ్యాప్తిలో లేవు. థామ్సన్ 1873లో మరణించెను. అతని యూహ మఱుగున పడిపోయెను. ఆ సంగతి యేమియు నెఱుగకయే డన్లప్ మరల దానిని కనిపెట్టెను.

హక్కు పోయినను పని నిలువలేదు. తొలి టైర్లు చక్రమునకు గట్టిగా అంటియుండుటచే, ముల్లు గ్రుచ్చుకొన్నచో బాగుచేయుట కష్టముగా నుండెడిది. 1890లో వెల్చ్, బార్ట్‌లెట్ అను ఇరువురు వేర్వేరుగా సులభముగా ఊడదీయదగిన టైర్లను కల్పించిరి. వ్యాపారసంఘము ఆ హక్కులను కొని నిలద్రొక్కుకొనెను. డన్లప్ 1895లో సంఘమునుండి తొలగెను. మఱుసటి యేడు ఆ సంఘము ముప్పది లక్షల పౌనులకు అమ్ముడుపోయెను. ఆ తరువాత కర్మాగారములు డన్లప్ పేరిట వెలసెను గాని, అతడు మాత్రము కోటీశ్వరుడు కాలేదు. 1921 అక్టోబరు 23వ తేదీన డబ్లిన్ నగరమున తన యెనుబదియొకటవ యేట ప్రశాంతముగా కన్నుమూసెను.

ముందుగా తలచినవాడు థామ్సన్. లోకమునకు పనికివచ్చునట్లు చేసి చూపినవాడు డన్లప్. లోపములను దిద్దినవారు ఇతరులు. ఒకరి గౌరవమును తగ్గించి మఱియొకరికి హెచ్చింప నవసరము లేదు. నేడు సైకిలును, మోటారును, నేలకు దిగు విమానమును గాలి నిండిన చక్రములమీదనే సాగుచున్నవి. వాని వెనుక ఒక చిన్నవాని బడలికయు, దానిని చూచి యూరకుండలేని తండ్రి హృదయమును గలవు. ఎదుటివారి కష్టమును తనదిగా తలచి, చేతికందిన వస్తువులతోనే పనికి పూనుకొన్నవాడు ఎంతటి మేలు చేయగలడో డన్లప్ జీవితము మనకు తెలుపుచున్నది.