జాన్ వాల్టర్ గ్రెగొరీ

జాన్ వాల్టర్ గ్రెగొరీ (జనవరి 27, 1864 - జూన్ 2, 1932) బ్రిటిషు భూగర్భ శాస్త్రవేత్త, అన్వేషకుడు. తూర్పు ఆఫ్రికాలోని మహా పగులు లోయను నదులు కోసి ఏర్పరచలేదని, సమాంతర భ్రంశాల నడుమ భూపటలం కుంగిపోవుట వలన అది ఏర్పడినదని క్షేత్ర పరిశీలనతో చూపినవాడు. పగులు లోయ అనే పదాన్ని భూగర్భ శాస్త్రంలో స్థిరపరచినది ఈయనే. కెన్యాలోని లోయ భాగానికి ఈయన పేరే పెట్టారు.

బాల్యము, విద్య

గ్రెగొరీ లండనులో ఒక ఉన్ని వర్తకుని ఇంట జన్మించాడు. 15వ యేట బడి మాని గుమాస్తాగా చేరాడు. సాయంత్రపు తరగతులలో చదువుకొని 1887లో బ్రిటిషు మ్యూజియం ప్రకృతి శాస్త్ర విభాగంలో ఉద్యోగం సంపాదించాడు. లండన్ విశ్వవిద్యాలయ పట్టాలు ఆ తరువాతనే వచ్చాయి.

పగులు లోయ పరిశోధన

ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్ ఆఫ్రికాను చూడకుండానే, యాత్రికుల వర్ణనల ఆధారంగా 1891లో ఈ లోయ భూపటల భ్రంశాల ఫలితమని ఊహించాడు. దానిని పరీక్షించే అవకాశం గ్రెగొరీకి అనుకోకుండా దక్కింది. సోమాలీలాండ్‌కు బయలుదేరిన ఒక యాత్ర మధ్యలోనే విఫలమైంది. అయినా ఈయన వెనుదిరగక, 1893లో మొంబాసా నుండి సుమారు 40 మంది కూలీలతో బారింగో సరస్సు వరకు నడిచాడు. లోయ ఇరువైపులా మెట్లు మెట్లుగా దిగిన గోడలలో ఒకే రకపు రాతి పొరలు వేర్వేరు ఎత్తులలో ఉండుట గమనించాడు. 1896లో ప్రచురించిన గ్రంథంలో ఈ వివరాలున్నాయి. భూపటలం ఇరువైపుల నుండి నొక్కబడుట వలన లోయ ఏర్పడినదని తరువాత కొందరు వాదించారు కాని, పటలం సాగి చీలినదనే అభిప్రాయమే నిలిచింది.

అయితే ఈయన ఊహించిన సౌష్ఠవం అంతటా కనిపించలేదు. 1980లలో టాంగన్యీకా, మలావి సరస్సుల అడుగున జరిపిన భూకంప తరంగ సర్వేలలో, అనేక చోట్ల ఒక వైపు మాత్రమే పెద్ద భ్రంశం ఉన్నదని, రెండవ వైపు నేల వాలుగా వంగినదని తేలింది. భ్రంశం చెంత నేల ఎక్కువగా కుంగుతుంది కనుక అవక్షేపాలు అక్కడే మందంగా చేరుతాయి. గోడ పాదాన గులకరాళ్లు, సరస్సు మధ్యన సన్నని బురద పేరుకుంటాయి. భ్రంశపు అంచు పైకి లేచి నదులను ఆవలికి మళ్ళించుట వలన, మట్టిలో అధిక భాగం వాలు వైపు నుండి, లోయ పొడవునా పారే నదుల నుండి వస్తుంది. కెన్యాలోని లోకిచార్ ఇట్టి హరివాణమే. 2012లో అక్కడ చమురు బయల్పడింది. మన ప్రాణహిత - గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలు నిలిచియుండుటకు కూడా భ్రంశాల నడుమ కుంగిన నేలయే కారణం.

ఇతర విషయాలు

1900లో మెల్‌బోర్న్‌లో, 1904 నుండి 1929 వరకు గ్లాస్గోలో ఆచార్యుడు. కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్ (1917-1919) సభ్యుడు. జాతుల మిశ్రమాన్ని వ్యతిరేకిస్తూ 1925లో వెలువరించిన పుస్తకం మాత్రం ఈయన శాస్త్రదృష్టికి తగినది కాదు.

1932లో పెరూలో ఉరుబాంబా నదిపై ప్రయాణిస్తుండగా పడవ బోల్తాపడి, 68వ యేట నీట మునిగి మరణించాడు.