పార్వతీపురంలో ఓడిన గిరి గారు

మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే మనలో చాలామందికి వెంటనే జవాబు తోచదు. పుట్టింది ఒక చోట, అక్షరాలు దిద్దింది మరో చోట, ఇప్పుడు చదువుతున్నది ఇంకో చోట. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తే పుస్తకాలతో పాటు మనమూ పెట్టెల్లో సర్దుకోవాల్సిందే. మన దేశానికి నాలుగో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి గారిని ఇదే ప్రశ్న అడిగితే ఆయన కూడా కాస్త ఆలోచించేవారేమో. ఆయన పుట్టిన ఊరు రాష్ట్రమే మారిపోయింది. లోక్‌సభకు గెలిచిన నియోజకవర్గం ఇప్పుడు లేదు. ఓడిన నియోజకవర్గమూ లేదు. కానీ ఆ ఓటమి మన ఎన్నికల చరిత్రలో నిలిచిపోయింది.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో కలిసింది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న న్యాయవాది. కొడుకు కూడా న్యాయశాస్త్రం చదవాలని 1913లో ఐర్లాండు వెళ్ళారు. డబ్లిన్ నగరంలో చదువుతూ, ఆంగ్లేయుల పాలన వద్దని పోరాడుతున్న ఐరిష్ ప్రజలను దగ్గరగా చూశారు. 1916లో అక్కడ తిరుగుబాటు జరిగింది. ఆ పోరాటంతో సంబంధం ఉందన్న అనుమానంతో ప్రభుత్వం ఆయనను దేశం విడిచి వెళ్ళమంది. అలా పరాయి దేశంలోనే స్వాతంత్ర్యం అంటే ఏమిటో నేర్చుకుని ఇంటికి తిరిగి వచ్చారు.

బరంపురంలో వకీలుగా పని మొదలుపెట్టినా ఆయన మనసు కోర్టుకే పరిమితం కాలేదు. గాంధీజీ పిలుపు విని సహాయ నిరాకరణ ఉద్యమంలో దిగి జైలుకు వెళ్ళారు. తరువాత కార్మికుల మధ్యకు వచ్చారు. రైల్వే ఉద్యోగుల పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘంగా కూడగట్టిన నాయకుల్లో గిరి గారు ముఖ్యులు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. 1931లో లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

1937లో మద్రాసు శాసనసభ ఎన్నికలు వచ్చాయి. గిరి గారు బొబ్బిలిలో నిలబడ్డారు. ఎదుటి అభ్యర్థి సాక్షాత్తూ బొబ్బిలి రాజా గారు. జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా ఉన్నవారు. అప్పట్లో ముఖ్యమంత్రి పదవిని అలాగే పిలిచేవారు. కోట ఉన్న ఊళ్ళోనే రాజా గారు ఓడిపోయారు. కార్మిక నాయకుడు గెలిచారు. రాజాజీ మంత్రివర్గంలో గిరి గారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన సిలోనులో మన దేశపు హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు పాతపట్నం నియోజకవర్గం నుంచి లోక్‌సభకు గెలిచారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు కనుక ఆ స్థానం మద్రాసు రాష్ట్రం లెక్కలో ఉండేది. నెహ్రూ గారి మంత్రివర్గంలో కార్మిక శాఖ ఆయనకు దక్కింది. కానీ 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగవులో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. అది న్యాయం కాదని గిరి గారు మంత్రి పదవికి రాజీనామా చేశారు.

1957 ఎన్నికల నాటికి పాతపట్నం లోక్‌సభ స్థానం లేదు. గిరి గారు పార్వతీపురంలో పోటీ చేశారు. అది మామూలు నియోజకవర్గం కాదు, ద్విసభ్య నియోజకవర్గం. అంటే అక్కడి నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నిక కావాలి. ఆ రెండు స్థానాల్లో ఒకటి షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయింది. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఇలాంటి నియోజకవర్గాలు 91 ఉండేవి.

ఓట్లు ఎలా లెక్కించేవారో మన తరగతి గది ఉదాహరణతో చూద్దాం. తరగతికి ఇద్దరు నాయకులు కావాలి, వారిలో ఒకరు తప్పక అమ్మాయి కావాలి అనుకుందాం. ప్రతి విద్యార్థికీ రెండు ఓట్లు. ఆ రెండూ ఒకరికే వేయకూడదు. ముందుగా అమ్మాయిల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారిని ఒక నాయకురాలిగా తీసుకుంటాం. తరువాత మిగిలిన అందరిలో, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, ఎక్కువ ఓట్లు వచ్చినవారిది రెండో స్థానం. ఒకవేళ రెండో అమ్మాయికి అబ్బాయిలందరి కంటే ఎక్కువ ఓట్లు వస్తే ఇద్దరు నాయకులూ అమ్మాయిలే అవుతారు.

పార్వతీపురంలో సరిగ్గా ఇదే జరిగింది. గిరిజన అభ్యర్థుల్లో బిడ్డిక సత్యనారాయణ గారికి ఎక్కువ ఓట్లు వచ్చాయి. రిజర్వు స్థానం ఆయనకు వెళ్ళింది. మిగిలిన వారిలో అందరి కంటే పైన ఉన్నవారు డిప్పల సూరిదొర గారు. ఆయన కూడా గిరిజన అభ్యర్థే. గిరి గారికి ఆయన కంటే తక్కువ ఓట్లు వచ్చాయి. లక్షకు పైగా ఓట్లు పడిన చోట తేడా వెయ్యికి లోపే. సూరిదొర గారు గెలిచినట్లు అధికారులు ప్రకటించారు.

గిరి గారు ఈ ఫలితాన్ని ప్రశ్నిస్తూ న్యాయపోరాటానికి దిగారు. రిజర్వు స్థానం కోసం నిలబడిన అభ్యర్థి జనరల్ స్థానం తీసుకోవచ్చా అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గిరి గారు ఆ లోగానే ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యారు. 1959లో తీర్పు సూరిదొర గారి పక్షాన వచ్చింది. రిజర్వేషన్ గిరిజనులకు ఒక స్థానం తప్పక దక్కేలా చూసే కట్టడే గానీ, రెండోది గెలవకుండా ఆపే గోడ కాదని ఆ తీర్పుతో తేలింది. ఒక రాష్ట్రానికి గవర్నర్‌గా ఉన్న పెద్దమనిషి మీద మన్యం అభ్యర్థి చట్టం ముందు గెలిచారు. గిరి గారు ఆ తీర్పుకు తలవంచి తన పని తాను చూసుకున్నారు.

ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు విస్తీర్ణంలో చాలా పెద్దవి. ప్రచారానికి తిరగడమూ కష్టమే, ఖర్చూ ఎక్కువే. చివరికి 1961లో పార్లమెంటు చట్టం చేసి వాటిని రద్దు చేసింది. 1962 ఎన్నికల నుంచి ప్రతి నియోజకవర్గానికీ ఒక్కరే సభ్యుడు. పార్వతీపురం షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయిన స్థానంగా కొనసాగింది.

గిరి గారు ఉత్తరప్రదేశ్ తరువాత కేరళకు, మైసూరుకు గవర్నర్ అయ్యారు. మన ఇళ్ళల్లో లాగే ఆయనకూ బదిలీలే! 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు మరణించాక ఆ పదవికి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. ప్రధాన ప్రత్యర్థి మరో తెలుగువారు, నీలం సంజీవరెడ్డి గారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక 4,20,077 విలువైన ఓట్లతో గిరి గారు గెలిచారు. సంజీవరెడ్డి గారికి వచ్చినవి 4,05,427. పార్వతీపురంలో కొద్దిపాటి తేడాతో ఓడిన మనిషి ఢిల్లీలో కొద్దిపాటి తేడాతోనే గెలిచారు. ఈసారి ఆయన ఎన్నిక మీద ఇతరులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. రాష్ట్రపతిగా ఉంటూనే గిరి గారు కోర్టులో సాక్ష్యం చెప్పారు. 1970లో ఆ కేసు వీగిపోయింది.

1974 దాకా ఆయన రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

పార్వతీపురం లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనతో ముగిసింది. 2009 నుంచి ఆ ప్రాంతం అరకు నియోజకవర్గంలో ఓటు వేస్తోంది. ఊరు మాత్రం ఎక్కడికీ పోలేదు. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాకు అదే ముఖ్య పట్టణం. నియోజకవర్గాల గీతలు మారుతుంటాయి, మన చిరునామాలు మారినట్టే. ఎక్కడున్నా మనకు 18 ఏళ్ళు నిండాక చేతికి వచ్చే ఓటు విలువ మాత్రం మారదు. ఆ ఓటు రాజా గారిని ఓడించగలదు, కాబోయే రాష్ట్రపతినీ ఓడించగలదు. ఓడినవారు మళ్ళీ నిలబడి గెలవగలరని కూడా గిరి గారి జీవితం చూపింది.