పాస్‌వర్డ్ దాచొద్దన్న నీడమ్

యూజర్ల పాస్‌వర్డ్‌లు డేటాబేస్‌లో ఎలా దాస్తారు? ఎస్.ఎం.పురం ట్రిపుల్ ఐటీలో చదివినా, ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలో చదివినా ఏదో ఒక ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న మీకు తగులుతుంది. హ్యాష్ చేసి దాస్తామని టక్కున చెప్పేస్తాం. మరి ఆ ఆలోచన ఎవరిదంటే తల గోక్కుంటాం. ఆయన పేరు రోజర్ నీడమ్.

1935 ఫిబ్రవరి 9న ఇంగ్లండ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో గణితం, తత్వశాస్త్రం చదివారు. మాది సీఎస్ఈ కాదు కదా అని దిగులుపడే వాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. 1958లో కరెన్ స్పార్క్ జోన్స్‌ని పెళ్లాడారు. ఇవాళ మనం వెతికిన మాటకి ఏ పేజీ ముందు రావాలో సెర్చ్ ఇంజిన్లు తేల్చే పద్ధతికి పునాది వేసిన వాళ్లలో ఆవిడ ఒకరు. ఇద్దరూ కలిసి తమ ఇల్లు తామే కట్టుకున్నారు.

1960ల్లో ఒకే కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి వాడుకోవడం మొదలైంది. ఎవరి ఫైళ్లు వాళ్లకే కనిపించాలి కాబట్టి పాస్‌వర్డ్ వచ్చింది. అమెరికాలో ఎంఐటీ వాళ్ల సీటీఎస్ఎస్ సిస్టమ్‌లో పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఫైల్లో ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. ఒకరోజు ఇద్దరు అడ్మిన్లు ఒకే సమయంలో రెండు వేర్వేరు ఫైళ్లు ఎడిట్ చేస్తుంటే, ఎడిటర్ ప్రోగ్రామ్ ఆ రెండింటినీ తారుమారు చేసేసింది. లాగిన్ అయిన ప్రతివాడికీ స్వాగత సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా తెరమీద కనిపించింది!

కేంబ్రిడ్జిలో టైటన్ కంప్యూటర్ మీద పనిచేస్తున్న నీడమ్ సమస్యని ఇంకో వైపు నుంచి చూశారు. ఫైల్‌ని ఇంకా గట్టిగా దాచడం కాదు, అసలు పాస్‌వర్డ్ దాచడమే మానేద్దామన్నారు. దాన్ని వెనక్కి తిప్పలేని ఒక లెక్కలో వేసి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే ఉంచాలి. పిండిని మళ్లీ బియ్యం చేయలేం కదా, అలాగన్నమాట. యూజర్ మళ్లీ వచ్చినప్పుడు అదే లెక్క వేసి పోల్చుకుంటే చాలు. ఫైల్ బయటపడ్డా అసలు పాస్‌వర్డ్ అందులో ఉండదు. మారిస్ విల్క్స్ 1968 నాటి తన పుస్తకంలో ఈ పద్ధతిని నీడమ్ పేరుతోనే వివరించారు.

ఒక్క కంప్యూటర్ సంగతి తేలింది, మరి నెట్‌వర్క్ మాటేమిటి? ముక్కూమొహం తెలియని రెండు మెషీన్లు ఒకదాన్నొకటి ఎలా నమ్ముతాయి? పెళ్లింట్లో తెలియని ఇద్దరిని, ఇద్దరికీ తెలిసిన పెద్దాయన కలుపుతాడు చూడండి, అదే దారి. 1978లో మైకేల్ ష్రోడర్‌తో కలిసి నీడమ్ ఆ పెద్దాయన పాత్రని ఒక సర్వర్‌కి ఇచ్చి ప్రోటోకాల్ రాశారు.

1981లో డెనింగ్, సాకో అనే ఇద్దరు దానిలో లోపం పట్టారు. తేదీ వేయని బస్ టికెట్ ఊహించుకోండి. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో నిన్న కొన్నదాన్ని ఇవాళ చూపించినా కండక్టర్ పోల్చలేడు. పాత కీ దొంగ చేతికి చిక్కితే సరిగ్గా అదే జరుగుతుంది. 1987లో నీడమ్, ష్రోడర్ సవరణ ప్రచురించారు. ఈలోగా ఎంఐటీలో అదే ప్రోటోకాల్ మీద, టికెట్‌కి టైమ్ జోడించి కెర్బరోస్ కట్టారు. ఇవాళ ఆఫీసుల్లో విండోస్ డొమైన్ లాగిన్ వెనుక ఉన్నది అదే. మామూలు సెట్టింగ్‌లో మీ సిస్టమ్ గడియారం ఐదు నిమిషాలకి మించి తేడాగా ఉంటే లోపలికి రానివ్వదు. ఫ్రెషర్లు ఈ ఎర్రర్ చూసి నెట్ పోయిందనుకుంటారు, నేనూ అనుకున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మీలో చాలామందికి మొదటి ఉద్యోగం మానిటరింగ్‌లోనో సపోర్ట్‌లోనో దొరుకుతుంది. గ్రఫానా, కిబానా లాంటి డాష్‌బోర్డులు, కుప్పలు కుప్పలుగా లాగ్‌లు. నా మొదటి టీమ్‌లో డాష్‌బోర్డుకి అందరికీ కలిపి ఒకటే అడ్మిన్ లాగిన్. ఒక రాత్రి ఎవరో ఒక అలర్ట్ తీసేశారు. ఎవరన్నది నేటికీ తేలలేదు. రికార్డులో ఉన్నది అడ్మిన్ అనే పేరే మరి!

లాగ్‌లంటే చిత్తు కాగితాలని చాలామంది అనుకుంటారు. 2018 మేలో ట్విట్టర్ తన 33 కోట్ల మంది యూజర్లనీ పాస్‌వర్డ్ మార్చుకోమంది. హ్యాష్ కాకముందే పాస్‌వర్డ్‌లు లోపలి లాగ్‌లో పడుతున్నాయని తెలిసింది మరి. మరుసటి ఏడాది ఫేస్‌బుక్‌లోనూ కోట్లాది పాస్‌వర్డ్‌లు సిబ్బంది చదవగలిగేలా దొరికాయి. నీడమ్ ముందు తలుపుకి తాళం వేస్తే, మనవాళ్లు పెరటి తలుపు తెరిచి ఉంచారు.

అందుకే ఇప్పుడు లాగ్‌లకీ గుర్తింపు చూపించాలి. కంపెనీ లాగిన్‌తోనే డాష్‌బోర్డులోకి వెళ్లాలి. పేమెంట్స్ లాగ్‌లు పేమెంట్స్ టీమ్‌కే కనిపించాలి. ఎవరు ఏం వెతికారో నమోదు కావాలి, ఉద్యోగం మానేసిన రోజే యాక్సెస్ పోవాలి. చెప్పడం తేలికే. అర్ధరాత్రి సైట్ పడిపోయినప్పుడు పర్మిషన్ కోసం ఎదురుచూస్తే కస్టమర్ ఊరుకోడు. అలాగని అందరికీ అన్నీ తెరిచేస్తే ట్విట్టర్ కథే. రెండు గంటల్లో దానంతటదే పోయే యాక్సెస్ ఇచ్చి, కారణం రాయించుకోవడం మేలని నా అభిప్రాయం. తేదీ వేసిన టికెట్ అంటే అదే కదా!

నీడమ్ 1980 నుంచి 1995 దాకా కేంబ్రిడ్జి కంప్యూటర్ ల్యాబ్‌ని నడిపారు. 1989లో బరోస్, అబాదీలతో కలిసి, ప్రోటోకాల్ నమ్మకం నిలబడుతుందా లేదా అని తర్కంతో పరీక్షించే పద్ధతి తెచ్చారు. 1978 నాటి పేపర్‌లోనే ఉన్న రెండో ప్రోటోకాల్‌లో లోపం మాత్రం 1995 దాకా ఎవరి కంటా పడలేదు. 17 ఏళ్ల తర్వాత దాన్ని పట్టినవాడు గావిన్ లోవ్. 1997లో, అరవై దాటాక, నీడమ్ కేంబ్రిడ్జిలో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల మొదలుపెట్టారు.

2003 ఫిబ్రవరిలో ఆయన సహచరులంతా కేంబ్రిడ్జిలో ఆయన గౌరవార్థం సమావేశమయ్యారు. అప్పటికే క్యాన్సర్ ముదిరింది. అయినా ఆయన వచ్చి కూర్చున్నారు. మార్చి 1న కన్నుమూశారు.